గాలి అద్దం

కుళ్ళాయప్పకు గాలితో తగువు వచ్చిపడింది.

ఆషాఢమాసం. తాడిపత్రి చుట్టుపక్కల ఆషాఢం గాలంటే మాటలు కాదు. ఆరేసిన చీర కోసం పక్కవీధికి పోయి వెతుక్కోవాలి. సైకిలు ఎక్కినవాడు ఎంత తొక్కినా ఉన్నచోటే ఉంటాడు. కొండల మీద ఆ గాలిమరలు ఊరికే పెట్టారా మరి! అలాంటి గాలిలో ప్రతి గురువారం కుళ్ళాయప్ప తన మోటారుసైకిలు బండి వెనక గురువుగారిని కూర్చోబెట్టుకుని పల్లెలు తిప్పుతాడు.

తిరిగి వచ్చేసరికి గురువుగారి కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉంటున్నాయి. ఆయన ఏమీ అనడు. తలకు చుట్టిన రుమాలు విప్పి, దుమ్ము దులిపి, మళ్ళీ చుట్టుకుని లోపలికి పోతాడు. ఆ అనకపోవడమే కుళ్ళాయప్పకు బాధ. నాలుగు తిట్టినా బాగుండేది.

గురువుగారి పేరు హుసేనప్ప తాత. దూదేకుల ఇంట పుట్టాడు. వయసులో ఉన్నప్పుడు దూదేకే విల్లు మోటారుసైకిలుకు కట్టుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. ఆ తిరుగుళ్ళలోనే ఒక సూఫీ గురువు దొరికాడు. ఆయన దగ్గర చేరి, ఆయన పోయాక ఊరి బయట రేకుల గదిలో ఉండిపోయాడు. నమాజు చేసేవాళ్ళూ వస్తారు, బొట్టు పెట్టుకున్నవాళ్ళూ వస్తారు. ఎవరొచ్చినా కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పేది చివరిదాకా వింటాడు. మాట దగ్గర మాత్రం మహా పిసినారి.

కుళ్ళాయప్ప మొదటిసారి ఆ గదికి వచ్చింది తాగి. బస్టాండు రోడ్డులో మోటారుసైకిళ్ళకు సీట్లు కుట్టే షాపు ఆయనది. అది మూతపడే స్థితికి వచ్చింది. ఏదో ఉపదేశం చేస్తాడని నాగరత్న మొగుణ్ణి లాక్కొచ్చి తాత ముందు పడేసింది. తాత ఉపదేశమేమీ చేయలేదు.

"నాకు మోకాళ్ళ నొప్పులు నాయనా. గురువారాలు నన్ను పల్లెలకు తిప్పుతావా?" అన్నాడు.

తాగి తోలితే పెద్దాయన పడిపోతాడు గదా. అందుకని కుళ్ళాయప్ప ముందు బుధవారం సాయంత్రాలు మానేశాడు. తర్వాత మంగళవారాలు. ఆ తర్వాత ఎప్పుడు మొత్తం మానేశాడో ఆయనకే గుర్తులేదు. కానీ ఒకటి మాత్రం ఆయనకు తెలుసు. గురువారం లేకపోతే తను లేడు.

ఇక ఆ వెనక సీటు సంగతి. గురువు ఆసనం శిష్యుడి కంటే ఎత్తులో ఉండాలి గదా! కుళ్ళాయప్ప మేలైన దూది ఎంచి, పచ్చ మఖమలు గుడ్డతో మందంగా ఒక పరుపు కుట్టి సీటు మీద కట్టాడు. ఆయన చేతి సీటు మీద కూర్చుని నడుము నొప్పి అన్నవాడు ఆ జిల్లాలో లేడు, అలాంటిది ఇది తాతకు కుట్టింది. తాత లేని రోజుల్లో ఆ పరుపు విప్పి, గుడ్డలో చుట్టి, అలమార మీద పెట్టేవాడు. ఖాళీ సీటు మీద కూడా ఎవరినీ ఎక్కనిచ్చేవాడు కాదు.

ఆఖరికి నాగరత్నను కూడా. ఆమె పుట్టింటికి పోవాలన్నా బస్సే.

"బండి ఉన్నోని పెండ్లాం బస్సు కోసం నిలబడాల్నా?" అని ఆమె.

"అది తాత సీటు" అని ఈయన.

ఆ తగాదా అలా నడుస్తూనే ఉంది.

సరే, గాలి. కుళ్ళాయప్ప బండ్ల సామాన్లు అమ్మే షాపుకు పోయి, బండి ముందర బిగించే గాలి అద్దాలు చూపించమన్నాడు. షాపతను రకరకాలవి తీసి బల్ల మీద పరిచాడు. పొట్టివి, పొడుగువి, తెల్లవి, నల్లవి. కుళ్ళాయప్ప ముందుగా ఒక పొట్టిది తీసుకుని బిగించి, ఒక్కడే రోడ్డెక్కాడు. గాలి భుజాలకు తగిలింది. "నాకే ఇంత తగిలితే తాత గతేంకాను!" అనుకుని తిరిగొచ్చి, దాన్ని తన షాపులో ఒక మూలన పడేసి, ముక్కు దాకా వచ్చేది తెచ్చి బిగించుకున్నాడు.

ఈసారి భలే ఉంది. చొక్కా కాలరు కూడా కదలలేదు. ఇంట్లో మంచం మీద కూర్చుని పోతున్నట్టుంది. ఆ సంతోషంలో పాట కూడా పాడుకున్నాడు.

గురువారం రానే వచ్చింది. తాతను ఎక్కించుకుని, కొంతదూరం పోయాక తల వెనక్కి తిప్పి గట్టిగా అడిగాడు.

"తాతా, బాగుందా?"

"బాగుందిలేరా" అన్నాడు తాత.

కుళ్ళాయప్ప గుండె పొంగిపోయింది.

తర్వాతి గురువారం చూస్తే తాత రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుని ఉన్నాడు. రుమాలు కూడా గడ్డం కిందినుంచి బిగించి కట్టుకున్నాడు. ఇంకా ఎక్కడో గాలి దూరుతోందన్నమాట! కుళ్ళాయప్ప నేరుగా షాపుకు పోయి అన్నిటికంటే పెద్దది తెచ్చాడు. అది ఆయన నెత్తి దాటి పైకి లేచింది. ఇక రోడ్డంతా దాంట్లోంచే చూడాలి. పురుగులు వచ్చి దానికి అతుక్కుంటాయి, ఎండ పడితే గీతలు గీతలుగా మెరుస్తుంది, గుంత ఏదో నీడ ఏదో తెలియదు. తెలియకపోతే పోయింది! తను కష్టపడితే తాతకు సుఖం. ఎందుకైనా మంచిదని పరుపులో ఇంకో వరస దూది కూడా కూరాడు.

"తాతా, ఇప్పుడు బాగుందా?"

"బాగుందిలే."

ఆ రోజు ఒక పల్లెలో పదిమంది కూర్చుని ఉండగా కుళ్ళాయప్ప ఉండబట్టలేకపోయాడు. "మా తాత ఒంటి మీద గాలి వాలాలంటే నన్ను అడిగి వాలాల" అన్నాడు. అందరూ బండి చుట్టూ తిరిగి, అద్దాన్ని వేలితో కొట్టి చూసి, శిష్యుడంటే వీడేరా అన్నారు. తాత అరుగు మీద కూర్చుని, చెవుల్లోంచి దూది మెల్లగా తీసుకుంటూ నవ్వాడు.

శ్రావణం వస్తే తాత గురువుగారి సమాధి దగ్గర ఏటా జరిగే ఉరుసు. అది దూరాన ఒక కొండ మీద. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరుకుంటారు. ఏటా తాత, కుళ్ళాయప్ప ఆ బండి మీదే పోతారు. ఏడాది పొడుగునా కుళ్ళాయప్ప ఎదురుచూసేది ఆ ఒక్క ప్రయాణం కోసమే. దారిలో ఎక్కడ టీ తాగాలో, ఎక్కడ నీడన ఆగాలో అన్నీ ముందే అనుకుని పెట్టుకుంటాడు.

ఈసారి ఓబుళరెడ్డి వచ్చి కూర్చున్నాడు. వేరుశనగ మిల్లు ఉంది ఆయనకు, మంచి మనిషి, తాతంటే ప్రాణం. కొత్తగా కారు కొన్నాడు.

"తాతా, ఈసారన్నా నా కారెక్కండి" అన్నాడు.

ఏటా ఎవరో ఒకరు ఆ మాట అంటారు. ఏటా తాత వద్దంటాడు. కుళ్ళాయప్ప ఆ ధీమాతోనే మూలన కూర్చుని టీ ఊదుకుంటున్నాడు.

"అట్లనే పోదాంలే ఓబుళరెడ్డీ" అన్నాడు తాత.

గ్లాసు కుళ్ళాయప్ప చేతిలోనే ఉండిపోయింది. ఓబుళరెడ్డి వెళ్ళిపోయేదాకా ఎలాగో ఓర్చుకున్నాడు. తర్వాత తాత కాళ్ళ దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"నా సేవలో ఏం లోపముండాది తాతా? గాలి తగలకూడదని అంతెత్తు అద్దం పెడ్తిని. పరుపు ఎత్తు చేస్తిని. ఇంకేం చేయాల? చెప్పండి, చేస్తా. నన్ను ఇడిసిపెట్టద్దండి. ఈ గురువారాలు లేకపోతే నేనేమైపోతానో నాకు తెలుసు, మీకూ తెలుసు."

తాత ఆయన్ని భుజం పట్టి లేపాడు. తర్వాత చెయ్యి చాపాడు.

"బండి తాళమియ్యి."

కుళ్ళాయప్ప తాళం ఇచ్చాడు. తాత బయటికి పోయి, పంచె ఎగ్గట్టి, బండి ముందు సీటు మీద ఎక్కి కూర్చున్నాడు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే కట్టు. పండక్కి తాత ఇచ్చే జుబ్బాలు కుళ్ళాయప్పకు కుట్టించినట్టు సరిపోతాయి. అందుకేనేమో, తాత ముందు కూర్చుంటే దూరం నుంచి చూసేవాళ్ళకు కుళ్ళాయప్పే అనిపిస్తాడు.

"ఎక్కు" అన్నాడు తాత.

"యాడ తాతా?"

"వెనక."

కుళ్ళాయప్ప రెండడుగులు వెనక్కి పోయాడు. "అమ్మో! అది మీ గద్దె తాతా. నేను కూర్చుంటే కండ్లు పోతాయి."

"గద్దె గాదురా. మఖమలు, దూది. నువ్వు కుట్టిందే. ఎక్కు."

గురువు చెప్పిన మాట కాదనకూడదు. గురువు సీటు ఎక్కకూడదు. కుళ్ళాయప్ప ఆ రెండింటి మధ్య కాసేపు నలిగిపోయి, చెప్పులు విప్పి పక్కన పెట్టి, సీటును తాకి కళ్ళకద్దుకుని, అంచు మీద ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆ సీటు ఎక్కడం అదే మొదటిసారి. అబ్బ, ఎంత ఎత్తు! తాత నెత్తి కూడా కింద ఎక్కడో కనిపిస్తోంది.

తాత చేతులు బండిని మర్చిపోలేదు. మెల్లగా ఊరు దాటించి, గాలిమరల వైపు పోయే రోడ్డెక్కాడు. ఎదురు లేని రోడ్డు. మెల్లమెల్లగా వేగం పెంచాడు.

గాలి వచ్చింది.

ఛాతీ దాకా ఏమీ లేదు. మెడ నుంచి పైకి మాత్రం, ఆ పెద్ద అద్దం అంచు దాటిన గాలంతా నేరుగా వచ్చి కుళ్ళాయప్ప ముఖం మీద పడింది. పడి ఊరుకోలేదు. ముందునుంచి ఒకటి కొట్టి, వెంటనే ఈ చెంపనొకటి, ఆ చెంపనొకటి. తల గుడిగంటలా ఊగింది. చెవుల్లో హోరు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. కళ్ళు తెరిస్తే దుమ్ము, మూస్తే భయం. తాత వీపు వెనక దాక్కుందామని వంగబోయాడు. ఆ పరుపు ఎత్తుకు నడుము రెండుగా విరిగితే తప్ప వంగడం కుదరదు.

ముందు కూర్చున్న తాత జుబ్బా కాలరు కదలటం లేదు.

తాత కొంచెం తల తిప్పాడు.

"కుళ్ళాయీ! బాగుందా?"

"బాగుంది తాతా!" అని అరిచాడు కుళ్ళాయప్ప.

అరిచాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. ముసలాయన, మోకాళ్ళ నొప్పులవాడు, పనిగట్టుకుని తనను ఎక్కించుకుని తోలుతున్నాడు. ఆయనకు బాగలేదని ఎలా చెప్పడం? నోరెలా వస్తుంది? మరి ఇన్ని గురువారాలూ... కుళ్ళాయప్ప సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ తర్వాత గాలి ఎంత కొట్టినా తల దించలేదు. కొట్టనీ అనుకున్నాడు.

గాలిమరల కింద తాత బండి ఆపాడు. ఇద్దరూ ఒక రాతి మీద కూర్చున్నారు. పైన రెక్కలు తిరుగుతున్న చప్పుడు.

"ఎందుకు చెప్పలేదు తాతా?" అన్నాడు కుళ్ళాయప్ప.

"ఇప్పుడు నువ్వేంటికి చెప్పలేదు?"

కుళ్ళాయప్ప కళ్ళలో పడ్డ దుమ్ము తుడుచుకున్నాడు.

తాత మోకాళ్ళు రుద్దుకుంటూ అన్నాడు. "అంత ప్రేమగా తెచ్చినోని ముఖం చూసి బాగలేదని చెప్పలేకపోతినిరా. కారెక్కితే సరిపోతాదిలే అనుకుంటిని. నువ్వు ఏడ్చినాక తెలిసింది. అది నా తప్పే."

గురువు నోట తప్పు అనే మాట వినడం కుళ్ళాయప్పకు గాలి దెబ్బ కంటే పెద్ద దెబ్బ అయింది. తాత చేతులు రెండూ పట్టుకుని కళ్ళకు ఆనించుకున్నాడు.

"ఇప్పుడేం చేయాల తాతా?"

"ఎవర్నన్నా ఆ సీటు మీద కూర్చోబెట్టుకుని అద్దం సరిజేయి. నన్ను గాదు. ఉన్నదున్నట్టు చెప్పేటోళ్ళని."

"అట్లాంటోళ్ళు ఎవరుండారు తాతా?"

"ఇంట్లో ఉంది గదరా."

ఆదివారం పొద్దున కుళ్ళాయప్ప మొహమాటపడుతూ విషయం చెబితే నాగరత్న చేతిలో చీపురు కింద పడేసింది. "నేనా? ఆ సీటు మీదనా?" అంది. లోపలికి పోయి, పట్టుచీర కాదుగానీ దాదాపు అంత మంచిది కట్టుకుని, తల నిండా మల్లెపూలు పెట్టుకుని వచ్చింది. వీధిలో అందరూ చూసేలా ఎక్కి కూర్చుంది.

గాలిమరల దాకా పోయి వచ్చేసరికి పూలు లేవు. జుట్టు జుట్టులా లేదు.

"నీ చేతులిరగ! ఇన్ని వారాలు ఆ పెద్దాయన్ని దీని మీదనే తిప్పినావా?" అని తిట్ల వర్షం కురిపించింది. "ఇది సీటా, అటకనా? దిగు, ముందు దీన్ని తగ్గించు!"

కుళ్ళాయప్ప కిక్కురుమనకుండా పరుపు విప్పి సగం దూది తీసేశాడు. పెద్ద అద్దం తీసేశాడు. నడిమిది పెట్టాడు. పోయి వచ్చారు.

"ఇంగా చెవుల్లో హోరంటాంది."

షాపులో మూలన పడి ఉన్న పొట్టిది వెతికి, దుమ్ము తుడిచి బిగించాడు. పోయి వచ్చారు.

"ఇప్పుడు కొట్టడంలేదు. నుదుటికి సన్నగా తగుల్తాంది."

దాన్ని కొంచెం వెనక్కి వంచాడు. అడుగున వేళ్ళు దూరేంత సందు వదిలాడు, కొంత గాలి కిందినుంచి కూడా పోనీ అని. మళ్ళీ పోయి వచ్చారు. ఈసారి కుళ్ళాయప్ప భుజాలకు గాలి తగులుతోంది. తగలనీ, తోలేవాడికి ఆ మాత్రం తగిలితే ఏం? తల దగ్గర మాత్రం నిదానంగా ఉంది. పైగా రోడ్డు అద్దంలోంచి కాకుండా అద్దం మీదుగా, కడిగినట్టు కనిపించింది. గుంత గుంతలాగే ఉంది, నీడ నీడలాగే ఉంది.

వెనకనుంచి నాగరత్న ఏమీ అనడం లేదు. కుళ్ళాయప్పకు భయం పట్టుకుంది.

"ఎట్లుంది?" అని అడిగాడు.

"ఇంగొంచెం దూరం పోనీ" అంది నాగరత్న.

ఉరుసు రోజు తెల్లారేసరికి తాత గది ముందు ఓబుళరెడ్డి కారు నిలబడి ఉంది. కుళ్ళాయప్ప కూడా బండి తుడుచుకుని వచ్చి ఒక పక్కన నిలబడ్డాడు. రాత్రంతా ఆయన ఒకటే అనుకున్నాడు, అది ఇప్పుడు చెప్పేశాడు.

"తాతా, మీకు కారే సుఖమైతే కారెక్కండి. నాకేం కోపం లేదు. నేను ఎనకాల వస్తా. రమ్మన్నా వస్తా, వద్దన్నా వస్తా."

తాత కారు తలుపు తీసి, లోపల తన సంచి పెట్టి, తలుపు వేశాడు. బండి దగ్గరికి వచ్చి, కుళ్ళాయప్ప భుజం పట్టుకుని, వెనక సీటు ఎక్కాడు.

"పద" అన్నాడు.

ఊరు దాటారు. గాలి ఎప్పటిలాగే ఉంది. కుళ్ళాయప్పకు అడగాలంటే బెరుకు, అడగకుండా ఉండలేడు.

"తాతా, ఎట్లుంది?"

చాలా దూరం పోయాక తాత గొంతు మామూలుగా, పక్కన కూర్చుని మాట్లాడినట్టు వినిపించింది.

"గాలి లేదురా." కాలు కదిపి అన్నాడు. "ఈ కుడిపక్క ఫుట్‌రెస్టు ఉంది చూడు, అది వంకర. కాలు తిమ్మిరెక్కతాంది."

కుళ్ళాయప్ప బండి పక్కకు తీసి ఆపాడు.

"ఎప్పట్నుంచి తాతా?"

"మొదట్నుంచే."

మొదటినుంచి అంటే ఎన్నేళ్ళు! కుళ్ళాయప్ప సామాన్ల పెట్టె తెరిచి, స్పానరు తీసి, రోడ్డు పక్కన మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, రెండూ ఒకేసారి వస్తున్నాయి.

వెనక వస్తున్న కారు ఆగింది. ఓబుళరెడ్డి కంగారుగా తల బయట పెట్టాడు.

"ఏమైంది కుళ్ళాయప్పా? బండి చెడిపోయిందా?"

"లేదన్నా!" కుళ్ళాయప్ప స్పానరు పైకెత్తి, రోడ్డంతా వినపడేలా అరిచాడు. "తాత బాగలేదన్నాడన్నా! నాతో చెప్పినాడు!"

ఓబుళరెడ్డికి ఒక్క ముక్క అర్థం కాలేదు. తాత సీటు మీద కూర్చునే, కాలు ఎత్తి పట్టుకుని, కిందికి వంగి చూశాడు.

"ఇంగా శానా ఉండాయిలేరా. ముందు అది బిగించు" అన్నాడు.